వార్త చెప్పువాని ధర్మము

సంఘము వారు ఈ సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని కోరినపుడు, మా బరంపురమును గూర్చియో, ఇచ్చటి ఆంధ్రుల పూర్వ చరిత్రమును గూర్చియో వ్రాయుదునని తలచి యుందురు. ఆ విషయములు నాకంటె బాగుగ ఎరిగినవారు మనలో పలువురున్నారు. ముప్పదియేండ్లు గుమాస్తాగా కాగితములు వ్రాసిన నాకు తెలిసినదొక్కటియే: ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట మిక్కిలి కష్టమని. ఆ కష్టమును తుపాకుల నడుమ భరించిన ఒక దూరదేశపు వార్తాహరుని గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

కరీబియన్ సముద్రపు దక్షిణపు కొసను, వెనిజులాకు చేరువలో ట్రినిడాడ్ ద్వీపమున్నది. 1845 మొదలు 1917 వరకు చెరకుతోటల కూలికై మన దేశమునుండి సుమారు 1,40,000 మంది అచ్చటికి ఓడలలో పోయిరి. అధికులు కలకత్తా రేవున ఎక్కినవారే. మద్రాసు రేవున ఎక్కిన కొలదిమందిలో తెలుగువారును ఉండిరి. టొబాగోతో కూడి ఆ ద్వీపము 1962 ఆగస్టు 31న స్వతంత్రమైనది. ఆ నెలలోనే ట్రినిడాడ్ అండ్ టొబాగో టెలివిజన్ ప్రసారములు మొదలైనవి. చాలకాలము దేశమంతకు అదియొక్కటే టెలివిజన్. ఊరివారి చావుబ్రతుకులు, తుఫాను హెచ్చరికలు, ఎన్నికల ఫలితములు అన్నియు దానినుండియే చూడవలెను.

1990లో ఆ సంస్థ వార్తావిభాగమునకు అధిపతి జోన్స్ పి. మడీరా. ఆ యేడు జూలై 27, శుక్రవారము సాయంకాలము, జమాత్ అల్ ముస్లిమీన్ అను వర్గమువారు నూరుమందికి పైగా ఆయుధములు పట్టి వెడలిరి. ఒక జట్టు పార్లమెంటు కూర్చుండు రెడ్ హౌస్‌ను, వేరొక జట్టు టెలివిజన్ భవనమును ఆక్రమించెను. ప్రధానమంత్రి రాబిన్సన్‌ను బంధించి, కాలిపై కాల్చిరి. వారి నాయకుడు యాసిన్ అబూ బకర్ కెమెరా ముందు నిలిచి, ప్రభుత్వము కూలిపోయినదని ప్రకటించెను. అది నిజము కాదు. కాని దేశమంతయు నమ్మి చూచెడి తెరపైనుండి వెలువడిన మాట గనుక దానికి బలము కలిగెను.

ఆ తెరపైననే, ఆ తుపాకుల ప్రక్కనే మడీరాయు కనబడెను. ప్రజలు శాంతముగ నుండవలెనని నెమ్మదియైన కంఠముతో కోరెను. అంతకు మించి ఆయన చేయగల దేమున్నది? కాని చెప్పువాని గొంతు వణకిన, వినువారి గుండె వణకును. ఆయన గొంతు వణకలేదు. పిమ్మట సైన్యము ఆ ప్రసారమును త్రెంచినది. రాజధానిలో దుకాణములు దోపిడియైనవి, మంటలు లేచినవి, ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆగస్టు 1న తిరుగుబాటుదారులు లొంగిపోయిరి. అంతవరకు మడీరాయు, తోడి ఉద్యోగులును బందీలే. వారిలో ఒకడగు రౌల్ పాంటిన్ ఆ దినములను గూర్చి 2007లో ఒక గ్రంథమే ప్రకటించెను.

మరునాడే ఇరాక్ సైన్యము కువైట్‌లో ప్రవేశించినది. మన పత్రికలలో ట్రినిడాడ్ మాట మరుగున పడినది.

మడీరా మాత్రము వృత్తిని విడువలేదు. 1996లో ట్రినిడాడ్ గార్డియన్ సంపాదకుడుగా నుండి, సంపాదకుల స్వాతంత్ర్యమును గూర్చిన వివాదములో ఆ పదవిని వదలుకొని, సహచరులతో కూడి ఇండిపెండెంట్ అను పత్రికను నెలకొల్పెను. తరువాత న్యూస్‌డే పత్రికకును ప్రధాన సంపాదకుడాయెను. తుపాకికి బెదరనివాడు జీతము పోవుటకును బెదరలేదు. ఈ రెండవ ధైర్యము మొదటిదానికంటె తక్కువది కాదని, నెలజీతముపై బ్రతికిన నేను చెప్పగలను.

ఇదంతయు ఇప్పుడెందుకన, మా తమ్ముని కుమార్తె టెలివిజన్ వార్తల పని నేర్చుకొనుటకు భువనేశ్వరము పోవుదునని పట్టుపట్టియున్నది. అల్లరులలో, వరదలలో తిరుగు ఉద్యోగము ఆడపిల్లకేల యని తమ్ముని వాదము. "పెదనాన్నా, మీరే చెప్పుడు" అని ఆమె నన్నాశ్రయించినది. నేను తమ్మునికి మడీరా కథతో పాటు మన కథయు జ్ఞాపకము చేసితిని. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినపుడు దీపములారిపోయి, ఐదారు కుటుంబములవారము మా యింట ఒక చిన్న రేడియో చుట్టు చేరియుంటిమి. గాలి తలుపులను పీకుచుండగా, ఎవరో ముఖమెరుగని మనుజుడు నిదానముగ చెప్పిన వార్తయే మాకు ఆధారము. ముందుగ చెప్పిరి గనుకనే లక్షలాది జనులు తీరమును విడిచి ప్రాణములతో మిగిలిరి. "ఆ రాత్రి నీవు ఎవరి గొంతు నమ్మితివో, ఆ గొంతు కూడ ఒక యింటి బిడ్డదే గదా" అంటిని. తమ్ముడు బదులు చెప్పలేదు. సమ్మతియు ఇంకను ఇయ్యలేదు.

మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో ఒడియా, కొలువులో ఆంగ్లము పలికెదరు. మూడు భాషలలో దేనిలోనైనను వారు అబద్ధమును అబద్ధమని, నిజమును నిజమని వణకక చెప్పగలిగిన చాలును. అట్టి పనికి పోవు బిడ్డను, మగవాడైనను ఆడుదియైనను, ఆపకుడని చదువరులను వేడుకొనుచున్నాను.