బండి కాగితాలు

బండి నడిపేవాడికి లైసెన్సు, బండికి రిజిస్ట్రేషన్ ఉండాలని దేశమంతటికీ చెప్పింది 1914 నాటి మోటారు వాహనాల చట్టం. అప్పటికి కృష్ణా డెల్టాలోని చల్లపల్లి జమీందారీ గ్రామం, మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఈ డెల్టాలో కారు కనబడితే జనం ఆగి చూసిన రోజులవి. ఇంగ్లండులో 1904 నుంచే లైసెన్సు ఉన్నా, డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరైంది 1935లో. అంటే తొలినాళ్ళ లైసెన్సు నైపుణ్యానికి హామీ కాదు, మనిషిని గుర్తుపట్టే కాగితం మాత్రమే.

పన్ను దారి వేరు, అది రాష్ట్రం సొమ్ము. మద్రాసు ప్రభుత్వం 1931లో వాహనాల పన్ను చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1963లో సొంత చట్టం చేసుకుంది. సొంత బైకుకు కొన్నప్పుడే జీవితకాలపు పన్ను కట్టేస్తారు. సరుకు లారీ యజమానికి మాత్రం మూడు నెలలకోసారి గడువు వస్తూనే ఉంటుంది. ధాన్యం సీజను ముగిసి బండి ఖాళీగా నిలిచినప్పుడు ఆ భారం నిజంగా బరువే.

1939, 1988 మోటారు వాహనాల చట్టాలు నియమాలను బిగించాయి. లామినేషను చేయించి జేబులో దాచుకున్న కాగితం పోయి ప్లాస్టిక్ కార్డు వచ్చింది. కృష్ణా జిల్లా బండ్ల నంబరు ప్లేటు మీది ఏపీ 16 స్థానంలో, 2019లో కొత్త బండ్లకు రాష్ట్రమంతటా ఏపీ 39 వచ్చింది. ఇప్పుడు డిజీలాకర్‌లోని లైసెన్సు, ఆర్‌సీ ఫోనులో చూపినా చట్టరీత్యా చెల్లుతాయి.