నచ్చని పాట: మిలాన్ హ్లావ్సా సంస్మరణము

సంగీతము చెవి కింపుగ నుండవలెనని మనమందఱము కోరుదుము. ఇంపుగాని సంగీతము వినబడినపుడు మన ధర్మమేమో తఱచుగ నాలోచింపము. ఈ ప్రశ్నను మా మనస్సున నాటినవాడు నాటి చెకొస్లొవేకియా దేశపు రాక్ సంగీతకారుడు మిలాన్ హ్లావ్సా.

ఇతడు 1951లో జన్మించి, 2001 జనవరిలో కాన్సరు వ్యాధిచే మృతినొందెను. 1968 ఆగస్టులో వార్సా ఒడంబడిక రాజ్యముల సేనలు ఆ దేశము నాక్రమించెను. ఆ యేటనే, పదునేడేండ్ల ప్రాయమున, హ్లావ్సా ప్రాగు నగరమున మిత్రులతో గూడి యొక వాద్యబృందమును స్థాపించెను. అమెరికా సంగీతకారుడు ఫ్రాంక్ జాపా పాటనుండి గ్రహించి దానికి ‘ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్’ అని పేరిడిరి. హ్లావ్సా బాస్ గిటారు వాయించుచు పాటలకు స్వరములు గూర్చెడివాడు. వారి ధ్వనిముద్రణములను మేము వింటిమి. కీర్తనల కలవాటుపడిన మా చెవుల కవి నేటికిని కఠోరములే. అయినను, ఎవరి మెప్పును గోరక పాడువాని నిజాయితీ వానియందు గలదు.

వీరు రాజకీయవాదులు గారు. ప్రభుత్వమును గూలద్రోయుడని జనులకు బోధింపలేదు. మఱి ప్రభుత్వము వీరికి వెఱచుటేల? ఆ దేశమున వృత్తిగాయకులుగ నుండుటకు సర్కారువారి యనుమతి కావలెను. వేషమును, పాటలను అధికారులకు నచ్చునట్లు మార్చుకొన్నవారి కది దొరకెడిది. 1970లో వీరి యనుమతి పోయెను. వీరు మాత్రము మారలేదు; పల్లెలలోను, మిత్రుల వివాహములలోను వాయించుచు వచ్చిరి. 1976లో పలువురు నిర్బంధింపబడిరి. శాంతిభంగ మొనర్చిరని నేరము మోపి, బృందమునకు మార్గదర్శియైన ఇవాన్ యిరోస్‌కు 18 నెలలును, సాక్సఫోను వాద్యకారుడు బ్రాబెనెత్స్‌కు 8 నెలలును కారాగారశిక్ష విధించిరి.

అపుడు వీరి పక్షమున నిలిచినవా రెవరు? నాటకకర్త వాత్స్లావ్ హావెల్. డెబ్బదియేండ్లు సమీపించిన తత్త్వవేత్త యాన్ పాటోచ్కా. తమకు నచ్చినట్లు పాడుకొనువానిని చెఱబట్టు రాజ్యమున నే గృహస్థునకును రక్షణ లేదని వారు గ్రహించిరి. 1977 జనవరిలో వెలువడిన ‘చార్టర్ 77’ అను ప్రకటనపత్రమునకు ఈ విచారణ యొక ముఖ్యకారణము. దాని ప్రతినిధులలో నొకడైన పాటోచ్కా, పోలీసుల దీర్ఘవిచారణల పిమ్మట, ఆ మార్చి 13వ తేదీన మరణించెను. 1989లో ఆ ప్రభుత్వము పడిపోయి, హావెల్ దేశాధ్యక్షుడయ్యెను.

సంస్కరణాభిలాషులమగు మనకు దీనియందొక పాఠము గలదు. కళను మన యుద్యమపు బండికి గట్టజూచుట మన కలవాటు. ‘ఈ పాటవలన సంఘమున కేమి యుపకారము?’ అని యడుగుదుము. హ్లావ్సా సంఘోపకారమునకై పాడలేదు. తనకు దోచిన స్వరమును విడువనందుననే యుపకారము జరిగెను. సర్కారు కోరిన పాట పాడి యుండినను, ప్రతిపక్షము కోరిన పాట పాడి యుండినను ఆ స్వరము నశించియే యుండును. అట్లని కఠోరమైనదెల్ల కళయని మేమనము. నచ్చనిదానిని నచ్చలేదనుటకు మనకు హక్కు గలదు. పాడువాని నోరు మూయుటకు లేదు.

అనుమతి నిచ్చు కార్యాలయములు రాజధానులలోనే గాదు, మన యిండ్లలోను గలవు. మా యింటి బాలిక తలుపు మూసికొని యేదో వింతపాట గట్టుచుండగా, ‘త్యాగరాజకృతి యొకటి పాడరాదా’ యని మా నోటివఱకు వచ్చి యాగినది. ఆ పాట మాకు నచ్చలేదు. అది యామెది.

1988లో విడిపోయిన హ్లావ్సా బృందము, చార్టరునకు ఇరువదేండ్లు నిండిన 1997లో, హావెల్ సూచనపై మఱల గూడెను. అప్పటికిని వారి సంగీత మింపుగ మారలేదు. అందులకే వారిని స్మరించుచున్నాము.