నింద గాలి మీద

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మొదలవుతుంది. ఆరు వారాల బిడ్డ మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి, మొహం కందగడ్డ చేసుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. పొట్ట మీద చెయ్యి వేస్తే గట్టిగా తగులుతుంది. కాసేపటికి కింద నుంచి గాలి పోతుంది, బిడ్డ ఒక్క క్షణం ఊరుకుంటుంది, మళ్లీ అందుకుంటుంది. ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే: గ్యాస్. ఆ మాట వెనకాలే ఇంగువ రంగరించి బొడ్డు చుట్టూ రాయడం, వాము నీళ్లు, గ్రైప్ వాటర్, చుక్కల మందు, ఆఖరికి బాలింత కంచంలోంచి పప్పు తీసేయడం వరసగా జరిగిపోతాయి. ఆ ఏడుపులో గాలి లేదని నేననను. అయితే చాలాసార్లు ఏడుపు ముందు, గాలి వెనక. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు తెలిస్తే రాత్రిపూట సీసా మూత తియ్యడం తగ్గుతుంది, బిడ్డను చేతుల్లోకి తీసుకోవడం పెరుగుతుంది.

1962లో అమెరికాలో బెర్రీ బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు 80 మంది బిడ్డల ఏడుపుకు తల్లుల చేత రోజువారీ లెక్క రాయించాడు. ఏ జబ్బూ లేని ఆ పిల్లలే ఆరో వారం వచ్చేసరికి సగటున రోజుకు 2 గంటల 45 నిమిషాలు ఏడ్చారు. అక్కడి నుంచి తగ్గుతూ పన్నెండో వారానికి చాలావరకు కుదుటపడ్డారు. ఏడుపు ఎక్కువగా సాయంత్రం, రాత్రి తొలి జాములోనే. ఇక్కడ ఆగి ఆలోచించాలి. పగలూ రాత్రీ పాలు తాగే బిడ్డకు పొద్దున పదింటికి లేని గాలి రాత్రి ఏడింటికే ఎందుకు పుట్టుకొస్తుంది? నాలుగో నెలలో, పాలు ఇంకా ఎక్కువ తాగే రోజుల్లో, ఎటు పోతుంది? ఇది పేగుల కథ కన్నా ఎక్కువగా ఎదుగుదల కథ. పగలేదో రాత్రేదో చెప్పే ఒంటి గడియారం రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. రోజంతా చూసిన వెలుతురు, విన్న చప్పుళ్లు ఆ లేత నరాలకు బరువై సాయంత్రానికి పొంగుతాయని ఒక అంచనా.

మరి కాళ్లు ముడుచుకోవడం, పొట్ట గట్టిపడటం, గాలి పోగానే ఊరుకోవడం కళ్లారా చూస్తున్నాం కదా అంటారు. చూస్తున్నది నిజమే. కానీ టీకా సూది గుచ్చినప్పుడూ బిడ్డ అలాగే ముడుచుకుంటుంది. ఏ ఏడుపుకైనా పొట్ట కండరాలు బిగుస్తాయి. గుక్కపట్టినప్పుడల్లా గాలి మింగుతుంది, ఆ గాలి ఉబ్బరం చేస్తుంది, ఉబ్బరం మళ్లీ ఏడిపిస్తుంది. అంటే మొదట్లోనే ఏడుపు ఆపగలిగితే గాలి సగం తగ్గినట్టే. అర్ధరాత్రి మూలుగుల సంగతి ఇంకొకటి. పసిబిడ్డ నిద్రలో దాదాపు సగం కదులుతూ ఉండే నిద్ర. మెలికలు తిరుగుతుంది, ముక్కుతుంది, ఎర్రబడుతుంది. కళ్లు మాత్రం మూసే ఉంటాయి. పొట్ట నొప్పేమోనని గభాలున ఎత్తుకుంటే నిద్ర చెడగొట్టింది మనమే. ఒక్క నిమిషం చూసి, కళ్లు తెరిచి పిలిస్తే అప్పుడు ఎత్తుకోవాలి.

మందుల విషయానికొస్తే, గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసింది. అందులో సోడా, సోయికూర గింజల నూనె, చక్కెరతో పాటు వందేళ్లకు పైగా ఆల్కహాల్ కూడా ఉండేది. పసివాళ్లు మత్తుగా పడుకోవడంలో వింత లేదు. ఇప్పుడది తీసేశారు, నమ్మకం మాత్రం మిగిలింది. గ్యాస్‌కు వేసే సిమెథికోన్ చుక్కల్ని ఉత్తుత్తి చుక్కలతో పోల్చి చూసినప్పుడు ఉత్తుత్తివి వేసిన బిడ్డలూ అంతే మెరుగయ్యారు. రోజులు గడిచేకొద్దీ దానంతటదే తగ్గే ఏడుపుకు, తగ్గే ముందు ఏ మందు వేస్తే ఆ మందుకు పేరొస్తుంది. తేన్పు తీయించడాన్ని చండీగఢ్‌లో 71 మంది తల్లీబిడ్డల మీద పరీక్షించారు. ఏడుపు తగ్గలేదు సరికదా పాలు కక్కడం పెరిగింది. అలాగని భుజాన వేసుకోవడం మానమని కాదు, తేన్పు రాలేదని అరగంట వీపు తట్టనక్కర్లేదు. డైసైక్లోమిన్ ఉన్న చుక్కలు మాత్రం ఆరు నెలల లోపు పిల్లలకు వేయకూడదు, ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి. బాలింత తిన్న శనగపప్పు వల్ల పుట్టే గాలి ఆమె పేగుల్లోనే ఉంటుంది, పాలల్లోకి రాదు. ఆవుపాల ప్రొటీన్ పడని బిడ్డలు కొద్దిమంది ఉంటారు, అది డాక్టరు తేల్చాలి. మిగిలిన తల్లుల చేత కారప్పొడి మెతుకులు తినిపించడం అన్యాయం.

అమ్మమ్మలు తరతరాలుగా చేసింది తప్పా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. వాళ్లు చేసినదాంట్లో చేతితో చేసింది దాదాపు అంతా మంచిదే, నోట్లో పోసిందే ప్రమాదం. గోరువెచ్చని నూనెతో పొట్ట నిమరడం, కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించడం, ఒళ్లో ఊపడం, జోల పాడటం: వీటికి మించిన వైద్యం ఇంకా రాలేదు. వస, ఆముదం, వాము నీళ్లు వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఏడాది లోపు తేనె నాకిస్తే బోట్యులిజం అనే విషజబ్బు రావచ్చు.

ఎత్తుకుంటే చేతుల అలవాటవుతుందనే భయం మరొకటి. 1986లో కెనడాలో హుంజికర్, బార్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు తల్లులను బిడ్డల్ని, ఏడ్చినా ఏడవకపోయినా, రోజూ అదనంగా ఎత్తుకోమన్నారు. ఆరో వారంలో ఆ బిడ్డల ఏడుపు మిగతావాళ్ల కన్నా 43 శాతం తక్కువ. విపరీతంగా ఏడ్చే బిడ్డల్లో ఇంత ఫలితం రాలేదన్నదీ నిజమే. చేతులు మంత్రం కావు. ఎలా ఎత్తుకోవాలన్నది కూడా ముఖ్యమే. ముంజేతి మీద బిడ్డను బోర్లా వేసుకుని, తల మోచేతి వంపులో పక్కకు ఆనించి, కాళ్లు చేతికి అటూ ఇటూ వేలాడనిచ్చి, అరచేత్తో తొడ పట్టుకుని, లైటు తగ్గించిన గదిలో మెల్లగా నడవాలి. పొట్టకు వెచ్చదనం, ఒత్తిడి రెండూ తగులుతాయి.

అలాగే బోర్లా పడుకోబెడితే హాయిగా నిద్రపోతుంది కదా అంటారు. నిద్ర గాఢమయ్యే మాట నిజం, ప్రమాదమూ అందులోనే ఉంది: ఊపిరి అందనప్పుడు మేలుకోవాల్సిన బిడ్డ మేలుకోదు. 1990ల్లో బ్రిటన్, అమెరికాల్లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేశాక నిద్రలో హఠాత్తుగా జరిగే శిశుమరణాలు సగానికి సగం తగ్గాయి. బోర్లా వేయడం చేతి మీద, ఒళ్లో, మెలకువగా ఉన్నప్పుడే. ఇక జ్వరం, పచ్చటి వాంతి, మలంలో రక్తం, పాలు మానేయడం, ఏడుపు నీరసించడం, వీటిలో ఏది కనిపించినా గ్యాసని ఇంట్లో కూర్చోకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవేవీ లేని మామూలు రాత్రుల్లో తేలాల్సింది బిడ్డను ఎవరు ఎత్తుకుంటారన్నది. ఏడు నుంచి పది దాకా తండ్రో తాతో నాయనమ్మో భుజాన వేసుకుని నడిస్తే, పాలవేళకు తప్ప లేవకుండా తల్లి ఆ మూడు గంటలు పక్క గదిలో తలుపు వేసుకుని పడుకోవచ్చు.