లా చదువు ఎక్కడ? ముందు ఏ కోర్టో తేల్చుకోండి

మన సంఘ కుటుంబాలలో పిల్లలు డిగ్రీ ముగించి "లా చదువుతాము" అనే రోజులు వచ్చినందుకు సంతోషము. ఆ మాట విన్న తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చి అడిగేది ఒక్కటే: "అన్నా, ఏ కాలేజీ మంచిది?" నేను వకీలును కాను. హిందూపురంలో ఒక వకీలుగారి దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసినవాడిని. పరిగి నుండి పొద్దున బస్సెక్కడం, దావా కాగితాలు కుట్టడం, నకళ్ళకు అర్జీలు పెట్టడం, వాయిదా తేదీలు డైరీలో ఎక్కించడం, సాయంత్రం మళ్ళీ బస్సు. కాలేజీల గొప్పతనము గూర్చి నాకు తెలిసింది తక్కువ. చదివి వచ్చినవారు కోర్టు హాలులో ఎలా నిలబడతారో మాత్రం కళ్ళారా చూశాను. అందుచేత వారి ప్రశ్నకు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "చదివిన తరువాత బిడ్డ ఏ ఊరి కోర్టులో నిలబడాలని?"

చాలామంది ఆ సంగతి ఆలోచించి ఉండరు. డాక్టరు చదివినవాడు ఎక్కడైనా నాడి పట్టుకోవచ్చు, ఇంజనీరు ఎక్కడైనా కట్టవచ్చు, వకీలు కూడా అంతే కదా అనుకుంటారు. చట్టప్రకారము చూస్తే అంతే. 1961 నాటి అడ్వకేట్ల చట్టములో 30వ సెక్షను దేశంలో ఏ కోర్టులోనైనా వాదించే హక్కు ఇచ్చింది. చట్టము పుట్టిన యాభై ఏళ్ళకు, 2011 జూన్ 15న గాని ఆ సెక్షను అమలులోకి రాలేదు, అది వేరే సంగతి. అంతకు ముందు కాలంలోనైతే చదువే మనిషిని ఒక కోర్టుకు కట్టిపడేసేది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రెండవ తరగతి ప్లీడరు పట్టాతో రాజమండ్రిలో బాగా పేరు తెచ్చుకున్నారు. అయినా ఆ పట్టాకు పై కోర్టుల్లో నోరు విప్పే హక్కు లేదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో నిలబడ్డారు. ఇప్పుడు ఆ గోడలు లేవు. కానీ గోడ పోయినంత మాత్రాన దూరము పోలేదు.

మన ప్రాంతములో కేసులు దేని మీద నడుస్తాయో చూడండి. గట్టు తగాదా, బాట తగాదా, అన్నదమ్ముల భాగాలు, డి.కె.టి. పట్టాలు, ప్రోనోట్లు, ధర్మవరం వైపు పట్టు బాకీల మీద చెల్లని చెక్కులు. వీటిలో అధిక భాగము భూమి. భూమి ఎక్కడ ఉంటే దావా అక్కడే వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షను చెబుతుంది. భూమి నడవదు గనుక దాని వకీలు కూడా దాని దగ్గరే ఉండాలి.

భూమి లెక్కలు రాష్ట్రానికొక తీరు. పరిగి దాటి కొంచెము పడమరగా పోతే కర్ణాటక. జయమంగళి నది అక్కడ నుండి వచ్చి మన దగ్గర పెన్నలో కలుస్తుంది, దానికి ఏ చెక్‌పోస్టూ అడ్డు రాదు. కాగితము అలా కాదు. మన వైపు ఎకరానికి 100 సెంట్లు, వారి వైపు ఎకరానికి 40 గుంటలు. మనకు అడంగలు, 1-బి, వారికి పహణి. మనకు ప్రభుత్వమిచ్చిన భూముల అమ్మకాల మీద 1977 నాటి నిషేధ చట్టము. దానిని 2023లో సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటినవారికి అమ్ముకునే హక్కు కల్పించారు. 2024లో ప్రభుత్వము మారిన తరువాత అలా విడుదలైన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. కర్ణాటకలో షెడ్యూల్డు కులాలవారికి ఇచ్చిన భూములకు 1978 నాటి చట్టము వేరే ఉంది. ఆడపిల్ల భాగము సంగతీ అంతే. ఆంధ్ర సవరణ ప్రకారము 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని హిందూ కుమార్తెకు పిత్రార్జితములో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. కర్ణాటకలో ఆ తేదీ 1994 జూలై 30. దేశమంతటికీ 2005లో వచ్చింది. పాత భాగపంపకాల కేసుల్లో ఈ తేదీలే వాదన. (మన క్రైస్తవ కుటుంబాలకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టము. అందులో కొడుకు, కూతురు అనే తేడాయే లేదు. మన ఇళ్ళలో మాత్రం ఆ సంగతి ఎందరికి తెలుసు?)

ఇక భాష. హైకోర్టులోను, సుప్రీంకోర్టులోను ఇంగ్లీషు. రాజ్యాంగము 348వ అధికరణము అలా పెట్టింది. కింది కోర్టులో సాక్షి మాట్లాడేది మన యాస. ఒకసారి మా కోర్టులో ఒక కుర్ర వకీలు నిలబడ్డాడు. బెంగళూరులో చదివినవాడు, తీర్పులు పేజీ నంబర్లతో సహా చెప్పగలడు. బోనులో ఒక ముసలమ్మ "ఆ చేనులో మడక కట్టేది నా చిన్న కొడుకే సామీ" అన్నది. మడక అంటే నాగలి. భూమి ఎవరి స్వాధీనములో ఉందో తేల్చే మాట అది. కుర్రవాడు దానిని దాటిపోయి కాగితం మీద రాసుకున్న తరువాతి ప్రశ్న వేశాడు. అవతలి సీనియరు లేచి ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. ఆ కుర్రవాడు తెలివితక్కువవాడు కాడు. తరువాత బెంగళూరు వెళ్ళి కంపెనీల ఒప్పందాలు చూస్తూ చక్కగా స్థిరపడ్డాడు. అతని చదువు ఆ పనికి సరిపోయింది, ఆ ముసలమ్మకు సరిపోలేదు.

హైకోర్టు దగ్గర చదివితే మేలు అనేవారున్నారు. పరిగి నుండి చూస్తే హైకోర్టు ఎన్నిసార్లు ఊరు మారిందో లెక్క వేయండి: 1953 వరకు ఆంధ్ర రాష్ట్రము లేదు గనుక మద్రాసు, 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు, 2019 జనవరి నుండి అమరావతి. మన సివిల్ కేసులకు జిల్లా కోర్టు మాత్రం ఇన్నేళ్ళూ అనంతపురమే. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కోర్టుల్లో కనబడే పాత ఫైళ్ళన్నిటి మీద అనంతపురం జిల్లా పేరే ఉంది.

ఇదంతా మా ఇంట్లోనే తేల్చుకోవలసి వచ్చింది. మా తమ్ముని కూతురు డిగ్రీ ముగించి లా చదువుతానన్నది. బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీలో సీటు ఇస్తామన్నారు. హిందూపురంలో రైలెక్కితే నేరుగా బెంగళూరు, అక్కడ బంధువులు కూడా ఉన్నారు. ఫీజు, హాస్టలు కలిపి మూడేళ్ళకు లెక్క వేస్తే మా తమ్ముడు మల్బరీ తోట తాకట్టు పెట్టాలి. పెట్టడానికి సిద్ధమయ్యాడు కూడా. మరదలు "పట్నంలో చదివితే మంచి సంబంధము వస్తుంది" అన్నది. ఆ మాటలో తప్పు లేదు, తల్లి ఆలోచన తల్లిది. నేను బిడ్డను పిలిచి నా మామూలు ప్రశ్నే వేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు వచ్చి, "పెదనాన్నా, నా స్నేహితురాలి అమ్మ చేత వాళ్ళ అన్నలు హక్కు విడుదల పత్రము మీద సంతకం చేయించుకున్నారు. అది ఏమి కాగితమో ఆమెకు చదివి చెప్పినవారే లేరు. అలాంటివాళ్ళు వచ్చేది హిందూపురం కోర్టుకే కదా. నేను అక్కడే ఉంటాను" అన్నది.

ఇక తోట మాట రాలేదు. లాసెట్ రాసింది, అనంతపురంలో సీటు వచ్చింది. అనంతపురం కాకపోతే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయాలలో లా ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు లా కాలేజీ ఉంది. మాకు దగ్గరిది చాలు అనిపించింది. ఎందుకంటే లా కాలేజీలో నేర్చుకునేది సగమే. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారము మూడేళ్ళ కోర్సులో 12 వారాలు, ఐదేళ్ళ కోర్సులో 20 వారాలు వకీళ్ళ దగ్గర, కోర్టులలో పని నేర్చుకోవాలి. ఆ వారాలు ఏ కోర్టులో గడిపితే ఆ కోర్టు మనుష్యులు పరిచయమవుతారు. ఏ సీనియరు జూనియర్లకు పని నేర్పుతాడు, ఎవరు ఫైళ్ళు మాత్రమే మోయిస్తారు అన్నది అక్కడ తిరిగితేనే తెలుస్తుంది. ఆడపిల్ల విషయంలో ఇది మరీ ముఖ్యము. మర్యాదగల ఆఫీసు దొరికితే సగము భయము తీరుతుంది.

ఇందులో కష్టము లేదని నేను చెప్పను. మొదటి మూడేళ్ళు జూనియరు చేతికి వచ్చేది బస్సు ఛార్జీలకు సరి. 2019 చివరిలో రాష్ట్ర ప్రభుత్వము కొత్త వకీళ్ళకు నెలకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చే పథకము పెట్టింది. అలాంటివి వస్తుంటాయి, పోతుంటాయి, వాటిని నమ్ముకుని ఇంటి లెక్క వేయకూడదు. బెంగళూరు ఫీజుకు అప్పు చేసినవాడు ఆ మూడేళ్ళు వడ్డీ ఎలా కడతాడు? అప్పు తీర్చడానికి ఉద్యోగములో చేరతాడు, హిందూపురం మాట మరచిపోతాడు. ఊరి కోర్టు కోసం బయలుదేరిన చాలామంది అలాగే దారి తప్పారని నా అభిప్రాయము.

అయితే మీ బిడ్డ మనసు కంపెనీ పని మీద గాని, సుప్రీంకోర్టు మీద గాని ఉంటే నా మాట వినకండి. క్లాట్ పరీక్ష రాయించండి. బెంగళూరు నేషనల్ లా స్కూలు, హైదరాబాదు నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య పేరిట ఉన్న విశ్వవిద్యాలయము అందుకు తగినవి. ఢిల్లీలో తలుపులు తెరిచే స్నేహాలు అక్కడే ఏర్పడతాయి. కర్ణాటకలో నిలబడాలనుకుంటే బెంగళూరులోనే చదివి కన్నడము రాయడము, చదవడము నేర్చుకోవలసిందే, మాట్లాడితే చాలదు. జడ్జి కావాలనుకునేవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండి తీరాలని మళ్ళీ నిర్ణయించింది. కాలేజీ నుండి నేరుగా ఆ కుర్చీలోకి వెళ్ళే దారి మూసుకుపోయింది గనుక ఆ మూడేళ్ళు ఎక్కడ అన్న ప్రశ్న వారికీ తప్పదు.

బయటి రాష్ట్రములో చదివితే ఆంధ్రలో పేరు నమోదు చేసుకోనివ్వరు అని కొందరు భయపెడతారు. అది నిజము కాదు. ఎక్కడ ప్రాక్టీసు చేయదలచామో ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు అర్జీ పెట్టాలని 25వ సెక్షను చెబుతుంది, ఎక్కడ చదివామన్న మాట అందులో లేదు. తరువాత మనసు మారితే ఒక రాష్ట్ర జాబితా నుండి మరొక దానికి పేరు మార్పించుకోవచ్చు. నమోదు రుసుము చట్టములో ఉన్నది 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 125. వేలకు వేలు అడుగుతుండిన రాష్ట్ర కౌన్సిళ్ళను 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఆపింది. పేద ఇంటి పిల్లలకు ఇది చిన్న మేలు కాదు. అఖిల భారత బార్ పరీక్ష మాత్రం అందరూ రాయాలి. కాలేజీకి బార్ కౌన్సిల్ అనుమతి ఉందా లేదా అన్నది చేరకముందే చూసుకోండి. హాజరు అక్కరలేదు, ఇంట్లో కూర్చుంటే పట్టా వస్తుంది అనేవారి గడప తొక్కకండి. ఆ పట్టాతో నల్లకోటు వేసుకోనివ్వరు.

మా బిడ్డ ఇప్పుడు రెండవ సంవత్సరములో ఉంది. ఇంగ్లీషు ఇంకా గట్టిపడాలి, అది ఆమెకూ తెలుసు. రోజూ ఒక తీర్పు చదివి దాని సారము నోట్సులో రాస్తోంది. మొన్న సెలవుల్లో నాలుగు వారాలు హిందూపురం కోర్టుకు వెళ్ళి వచ్చింది. పాత దస్తావేజుల గొలుసుకట్టు రాత చదవడము ఏ కాలేజీలోనూ చెప్పరు గనుక, దానిని నేర్పమని నన్ను అడిగింది. ఆదివారము మధ్యాహ్నము భోజనాలయ్యాక కూర్చుంటున్నాము. మా తాతగారి 1948 నాటి క్రయపత్రము తీశాము. రెండు పేజీలు పూర్తయ్యాయి, ఇంకా మూడు ఉన్నాయి. హద్దులు రాసిన పేజీలో సిరా బాగా వెలిసిపోయింది.