మర విరిగితే

'మర' అన్న మాట మన భాషలో చిన్నదే గాని, దాని సంసారం పెద్దది. బియ్యం ఆడించేదీ మరే, మేకు చుట్టూ తిరిగే మెలికా మరే. మరచెంబు లేని రైలు ప్రయాణం ఒకప్పుడు ఉండేది కాదు. 'మరమ్మతు' కూడా ఈ ఇంటి ఆడపడుచే కాబోలు అనుకుంటాం. తీరా చూస్తే అది ఉర్దూ గుండా మనకు వచ్చిన అరబ్బీ మాట. మన మరతో దానికి చుట్టరికం లేదు. నిఘంటువులో లేకపోతే పోయె, లోకంలో మాత్రం ఈ రెంటికీ గట్టి చుట్టరికమే ఉందని మొన్న వేసవిలో విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు కూర్చున్నాక నాకు నమ్మకం కుదిరింది.

మా బావగారికి 1984 నాటి అంబాసిడరు కారు ఉంది. వారి నాన్నగారు కొన్నది. ఉత్తరపారా కర్మాగారంలో ఈ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అప్పటినుంచీ బావగారి దృష్టిలో అది కారు కాదు, పిత్రార్జితం. మా అక్కయ్య పురిటికి వచ్చిందీ అందులోనే; అప్పుడు పుట్టిన పిల్ల పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిందీ అందులోనే.

ఆ కారు ఈ మధ్య నాలుగు కిలోమీటర్లు పోయేసరికల్లా ఉడికిపోవడం మొదలెట్టింది. ఏళ్ళ తరబడి బోరునీళ్ళు పోయగా పోయగా ఇంజను లోపల ఉప్పు పేరుకుంది. దాన్ని కడగాలంటే ముందు నీళ్ళు దించాలి. అందుకు రేడియేటరు అడుగున ఒక ట్యాపూ, ఇంజను బ్లాకు పక్కన మరొక ఇత్తడి ట్యాపూ ఉంటాయి. ఈ రెండోది బిగుసుకుపోయింది. ఇనుమూ ఇత్తడీ నీళ్ళలో కాపురం చేస్తే తుప్పు పట్టేది ఇనుమే. ఆ తుప్పు ఉబ్బి మరల సందులన్నీ పూడ్చేస్తుంది. బావగారి ఊళ్ళో ఒక షెడ్డు కుర్రవాడు పానాకు గజం పొడుగు గొట్టం తొడిగి, ఊపిరి బిగబట్టి లాగాడు. ట్యాపు తల చేతికి వచ్చేసింది. చిటికెనవేలంత లావున్న మరల ముక్క బ్లాకులోనే ఉండిపోయింది.

"బ్లాకు పోయినట్టేనండీ. పాత ఇనుము కింద ఇచ్చెయ్యండి" అన్నారట అక్కడ. ఆ రాత్రి బావగారు మజ్జిగన్నంతో సరిపెట్టారు. "పాతదయితే ఇచ్చెయ్యడమేనా? ఆ లెక్కన మన సంగతేమిటి?" అంది అక్కయ్య. మర్నాడు కారును చిన్న లారీ మీదికి ఎక్కించి ఆటోనగర్ తీసుకువచ్చాం.

అక్కడి మేస్త్రీగారికి డెబ్భయ్యేళ్ళు ఉంటాయి. టార్చిలైటు వేసి చాలాసేపు చూశారు. వేలు పెట్టి తడిమారు. "తల పోయింది గాని ప్రాణం పోలేదు బాబూ" అన్నారు.

ఇటువంటి ముక్కలోకి ఎడమవైపు మెలిక ఉన్న ఉక్కు పుల్లను దిగ్గొట్టి, వెనక్కి తిప్పి లాగడం అందరూ చేసే పద్ధతి. ఆ ఉక్కు ఎంత గట్టిదో అంత పెళుసు. అది గనక లోపల విరిగిందా, మామూలు డ్రిల్లు దాన్ని కొరకలేదు. బావిలో పడ్డవాణ్ణి తీయడానికి దిగినవాడు కూడా అందులోనే పడ్డట్టన్నమాట. అందుకని మేస్త్రీగారు ఆ పుల్లను పెట్టెలోంచి బయటికే తీయలేదు.

ముందు తుప్పు గీకి, నూనె వేసి, చిన్న సుత్తితో ఆ ముక్క చుట్టూ మెల్లగా తడుతూ కూర్చున్నారు. తరువాత బ్యాటరీ తీయించి, పెట్రోలు గొట్టం మూయించి, తడిగోనె పట్టా అడ్డం పెట్టి, గ్యాసు మంటతో ఆ చోటును వేడి చేశారు. నీళ్ళు మాత్రం చల్లనివ్వలేదు. పోత ఇనుము వేడి మీద ఉండగా చన్నీళ్ళు పడితే పగులుతుంది. దానంతట అది చల్లారాక మళ్ళీ వేడి. ఇలా మూడుసార్లు.

ఇందులో కిటుకు ఉంది. మీటరు పొడుగు ఇత్తడి కడ్డీకి వేడి నూరు డిగ్రీలు పెరిగితే అది 1.9 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. పోత ఇనుము సుమారు 1.1 మిల్లీమీటరే సాగుతుంది. మధ్యలో ఇరుక్కున్న ఇత్తడి సాగబోతే చుట్టూ ఉన్న ఇనుము అంత చోటు ఇవ్వదు. ఇత్తడి తనలో తానే నలుగుతుంది. చల్లారేటప్పుడు ముడుచుకుని, వెంట్రుకవాసి సందు వదులుతుంది. బిగుసుకున్న మరచెంబు మీద మా బామ్మ వేణ్ణీళ్ళు పోసి, మూత వేడి మీద ఉండగానే తిప్పేది. ఇక్కడ చల్లారాక తిప్పాలి.

రెండోరోజు పాత ఆకురాయి తోకను ఆ ముక్క బోలులోకి దింపి ఎడమకు తిప్పి చూశారు. కదల్లేదు. "ఇంకొంచెం లోపలికి కొడితే?" అన్నారు బావగారు ఆత్రంగా. "కొట్టేకొద్దీ ఇత్తడి వెడల్పయి ఇంకా పట్టేస్తుంది" అని మేస్త్రీగారు దాన్ని తీసేసి, హాక్సా బ్లేడు ముక్కకు గుడ్డ చుట్టి మనవడి చేతికి ఇచ్చారు. బోలు లోపలినుంచి మరలవైపుగా నిలువునా గాడి కొయ్యాలి. గాడి ఇత్తడి దాటి బ్లాకు మరల్లోకి దిగితే నష్టం మళ్ళీ బ్లాకుకే.

"కింద కాగితం పెట్టుకో. పచ్చపొడి రాలినంతసేపూ కొయ్యి. నల్లపొడి కనబడిందా, చెయ్యి ఆపెయ్యి" అన్నారు.

ఇత్తడి పొడి పచ్చగా మెరుస్తుంది. పోత ఇనుము పొడి బొగ్గులా ఉంటుంది. ఆ కుర్రవాడు పది లాగులు లాగడం, కాగితం చూడడం. మళ్ళీ పది లాగడం, చూడడం. బావగారు ఆ కాగితాన్ని పరీక్షా ఫలితాలు చూసినట్టు చూస్తున్నారు. అరగంటకు రెండు గాళ్ళు పడ్డాయి. అప్పుడు మేస్త్రీగారు సన్నని ఉలితో ఆ ఇత్తడి అంచును లోపలికి ముడిచి, పటకారుతో పట్టి ఎడమకు తిప్పారు. వాన మానుకు తలుపు ఉబ్బి, ఎండకు ఊడివచ్చినట్టు, మెత్తగా బయటికి వచ్చేసింది. వెనకాలే చిక్కని ఎర్రనీళ్ళు. కాగితం మీద నల్లపొడి నలుసు కూడా లేదు.

బజార్లో ఇత్తడి ట్యాపుకు కొత్తది దొరుకుతుంది. బ్లాకులోని మర చెడితే అంత సులువుగా తిరిగిరాదు. మేస్త్రీగారు రెండు రోజులూ ఆ తేడాను కళ్ళముందు పెట్టుకునే పని చేశారు: పోయినా ఫరవాలేనిదాన్ని తురిమేసి, పోకూడనిదాన్ని నిలబెట్టారు. గజం గొట్టం తొడిగిన కుర్రవాడికి బలానికి లోటు లేదు. ఈ లెక్క చెప్పిన పెద్దవాడు పక్కన లేడు, అంతే.

కారు సంగతి అటుంచండి. ఇళ్ళల్లో మాటామాటా పెరుగుతుంది. తప్పెవరిదో తేల్చి తీరాలని ఇద్దరూ రంపం లాగుతూనే ఉంటారు. ఇద్దరిలో ఒక్కరైనా మధ్యమధ్య చెయ్యి ఆపి, కింద రాలుతున్న పొడి రంగేమిటో చూసుకుంటే ఎంత బాగుండును!