దో గజ్ జమీన్

మా ఇంటి వెనక గోడకు అవతల ఖబ్రస్తాన్. బడిలో పిల్లలు నన్ను ‘దయ్యాలింటోడు’ అనేవాళ్ళు. నాకు మాత్రం దయ్యాలు గోడవతల లేవు, వీడియో క్యాసెట్లలో ఉండేవి.

వీసీఆర్ కిరాయికి తెచ్చిన రాత్రి రామ్సే సోదరుల ‘పురానా మందిర్’ (1984), ‘వీరానా’ (1988) వరసగా నడిచేవి. సామ్రీ మొహం కనపడితే అమ్మీ కొంగులో దూరేవాణ్ణి. దాదీమా సినిమా చూసేది కాదు. ఆయతుల్ కుర్సీ చదివి మా నెత్తుల మీద ఊది పోయి పడుకునేది. 1993లో జీ హారర్ షో మొదలయ్యాక ఆ పండగ ప్రతి వారం వచ్చింది.

షబే బరాత్ రాత్రి మాత్రం అబ్బా వెంట గోడవతలికి పోయేవాణ్ణి. పూలు, అగరొత్తులు, ఫాతెహా. దాదా ఖబర్ దగ్గర కూర్చుంటే చుట్టాలింటికి పోయినట్టుండేది.

బి.ఏ. అయ్యాక హైదరాబాదులో ఒక పత్రికలో చేరాను. దయ్యాల సినిమాల పిచ్చి చూసి హారర్ పేజీ నాకే ఇచ్చారు. వచ్చిన కథలు దిద్దుతుంటే ఒకటి అర్థమైంది. శవం లేవాలంటే పూడ్చిన ఒళ్ళు కావాలి. దళితులు పూడుస్తారు, లింగాయతులు పూడుస్తారు, క్రైస్తవులు పూడుస్తారు. కథలో దయ్యం మాత్రం ‘తురకోళ్ళ బొందలగడ్డ’లోంచే లేస్తుంది. పక్కన ఆకుపచ్చ చాదర్, సాంబ్రాణి పొగ, సుర్మా కళ్ళ ఫకీరు.

నేనేం తక్కువ తిన్లేదు. పాడుబడ్డ బంగళా మీద కథ రాసుకుపోతే, “ఖబ్రస్తాన్ పెట్టు, అప్పుడు భయమేస్తది” అన్నాడు ఎడిటర్. పెట్టాను. మా గోడ, మా వేపచెట్టు, దాదా ఖబర్ అన్నీ పెట్టాను. మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి.

అబ్బాకు ఉర్దూ తప్ప చదవరాదు. పత్రికలో నా పేరు ఎవరో చూపిస్తే, “క్యా లిఖా బేటా, జరా పఢ్‌కే సునా” అన్నాడు. అప్పటికప్పుడు వేరే కథ అల్లి చెప్పాను. “షాబాష్” అన్నాడు.

ఆ ఏడే అద్దె ఇంటికి తిరిగాను. ఒకాయన నేను పనిచేసే పత్రిక పేరు విని సంబరపడ్డాడు. మా దయ్యాల పేజీ వదలకుండా చదువుతాడట. నా పేరు చెప్పగానే ఇల్లు వేరేవాళ్ళకు మాటిచ్చామన్నాడు. నేనమ్మిన భయమే అది. తలుపు దగ్గర నాకే ఎదురైంది.

రామ్సేలు 1972లో తీసిన సినిమా పేరు ‘దో గజ్ జమీన్ కే నీచే’. రెండు గజాల నేల అనగానే మా ఇళ్ళలో గుర్తొచ్చేది దయ్యం కాదు, బహదూర్ షా జఫర్. 1862లో రంగూన్‌లో కన్నుమూసిన ఆ పాదుషాకు సొంతగడ్డ మీద రెండు గజాలు దొరకలేదు.

మా అబ్బాకు దొరికాయి, ఆ వేపచెట్టు కిందే. షబే బరాత్‌కు పోతాను, ఫాతెహా చదువుతాను. ఆ కథ మాత్రం ఇంకా చదివి వినిపించలేదు.