అవ్వకు నోటీసు అందలేదు

ఫోస్టర్ కేర్, అంటే సొంత ఇంట పెరగలేని పిల్లల్ని వేరే కుటుంబంలో ఉంచి పెంచడం, ఎలా అమలవుతోందో చూసి రాయమని మా సంపాదకుడు పంపితే సీమలోని ఒక జిల్లా కేంద్రానికి వెళ్లాను. బాలల సంరక్షణ విభాగం వాళ్లు నాకోసం పెద్ద కార్యక్రమమే వేసిపెట్టారు. పొద్దున శిశుగృహ, ఆ తర్వాత బాలసదనం, భోజనం, భోజనమయ్యాక "చక్కగా కుదిరిన" రెండు కుటుంబాలు. కానీ నేను ఆటో దిగింది సోమవారం, అర్జీల రోజు. కలెక్టరేట్ గేటు పక్కన వేపచెట్టు కింద అర్జీలు రాసే పెద్దాయన ముందు ఒక అవ్వ కూర్చుని ఉంది. వాళ్ల మాటలు చెవిన పడి అక్కడే ఆగిపోయాను. శిశుగృహ ఎలా ఉంటుందో నన్ను అడగకండి.

"ఎవరి మీద రాయాలవ్వా?"

"ఎవురి మీదా వొద్దు సామీ. నా మనవడు, నా మనవరాలు నాకు కావల్ల. అంతే రాయి."

పెద్దాయన పెన్ను మూత పెట్టి నా వైపు చూశాడు. రెవెన్యూలో అటెండరుగా చేసి రిటైరయ్యాడట. పింఛను అర్జీకి ముప్ఫై, పొలం అర్జీకి యాభై పుచ్చుకుంటాడు. ఇది ఏ పద్దులోకి వస్తుందో తేల్చుకోలేక యాభై అన్నాడు. ఆయన చేతులు చూస్తూ కూర్చోవచ్చు. తెల్ల కాగితాన్ని ఎడమవైపు మడిచి బొటనవేలి గోటితో గీస్తే మార్జిను పడుతుంది. కార్బన్ పెట్టి, అట్ట మీద గుండుసూదితో బిగించి, "దివ్య సముఖమునకు" దాకా తల ఎత్తకుండా రాసుకుపోతాడు. పై నాలుగు వరుసలు అందరికీ ఒకటే. అయిదో వరుసలో ఎదుటి పక్షం పేరు పడాలి. హద్దు జరిపిన దాయాదో, పేరు ఎక్కించని వీఆర్వోనో. ఈమెకు ఎదుటి పక్షం లేదు. పిల్లల్ని పెట్టుకున్న దంపతులు మంచివాళ్లని ఆమే చెబుతోంది. "రిటైరైన అయివారు, ఆయమ్మా మంచోల్లే. పిల్లోల్లు కూడా రొంత నున్నగైనారు."

చివరికి ఆయన తనకు చేతనైన పొలం భాషలోనే రాశాడు. సదరు మైనరు పిల్లలిద్దరూ అయిదు సంవత్సరములుగా అర్జీదారు స్వాధీనములో ఉండినారనియు, ఇరుగుపొరుగు వారందరికీ ఇది తెలిసిన విషయమేననియు. నాకు మొదట నవ్వొచ్చింది. కాసేపు ఆలోచిస్తే ఇంతకన్నా సరిగ్గా రాసే వకీలు దొరకడనిపించింది.

జరిగింది ఇది. కూతురు కువైట్‌కు ఖద్దామా (ఇంటిపని మనిషి) పనికి పోతూ పిల్లలిద్దరినీ తల్లి దగ్గర వదిలింది. కడప, రాయచోటి వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. అక్కడ ఎన్నో ఇళ్లలో పిల్లల్ని పెంచుతున్నది అవ్వలే. రెండేళ్ల కిందట కూతురు అక్కడే జబ్బు చేసి చనిపోయింది. బేల్దారి పని చేసే అల్లుడు వచ్చి, టౌనులో చదివిస్తానని పిల్లల్ని తోడుకుని పోయాడు. చదివించడం మాట దేవుడెరుగు, రెండు మూడు రోజులు గదికే రాకుండా తాగి తిరిగేవాడు. పక్కవాళ్లు పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేశారు. మంచి పనే చేశారు. చట్టం చెప్పినట్టే 24 గంటల్లో పిల్లల్ని బాలల సంక్షేమ సమితి ముందుకు తెచ్చారు. అంతవరకు ఎవరినీ తప్పుపట్టను.

పిల్లల ఇంటి పరిస్థితి మీద సామాజిక దర్యాప్తు జరగాలి. దానికి గడువు పదిహేను రోజులు. ఔట్‌రీచ్ వర్కరు అవ్వ ఊరికి వచ్చాడు, ఒకే ఒక్కసారి. అప్పుడామె పక్క మండలంలో శెనక్కాయలు పీకే కూలికి పోయి ఉంది. "ఇల్లు జూసినారు, బీగం జూసినారు, పోయినారు నాయనా. ఎదురింట్లో అడిగినా చెప్పుండురు గదా!" నివేదికలో మాత్రం బంధువులెవరూ ముందుకు రాలేదని ఉంది. నాలుగు నెలల్లోపు తుది ఉత్తర్వు ఇవ్వాలన్న నియమం తప్పకుండా పాటించారు. పిల్లలిద్దరూ ఒకే ఫోస్టర్ ఇంటికి వెళ్లారు. అవ్వకు ఈ సంగతి చెప్పింది మనవరాలికి పాత బడిలో పాఠం చెప్పిన టీచరమ్మ, అదీ బస్టాండులో ఎదురుపడితే.

అడుగు పొలానికి తగువొస్తే మన దేశంలో ఎంత దర్యాప్తు! సర్వేయరు గొలుసు పట్టుకు వస్తాడు. చుట్టుపక్కల రైతులకు నోటీసులిస్తారు. అనుభవంలో ఎవరున్నారని ఊరంతా అడుగుతారు, పంచనామా రాస్తారు, సంతకాలు పెట్టిస్తారు. రెండు ప్రాణాల దగ్గరికి వచ్చేసరికి ఒక్క బీగం చాలింది.

చట్టం ఇలా చెయ్యమనలేదు. 2015 నాటి బాల న్యాయ చట్టం సంరక్షకులంటే సహజ సంరక్షకులు మాత్రమే అని ఊరుకోలేదు. బిడ్డ నిజంగా ఎవరి చేతుల్లో పెరుగుతోందో ఆ మనిషిని కూడా సమితి సంరక్షకులుగా గుర్తించవచ్చంది. పిల్లల్ని సంస్థల్లో ఉంచడం వేరే దారి లేనప్పుడేననీ, పెంచే బాధ్యతలో మొదటి వరుస కుటుంబానిదేననీ మూలసూత్రాల్లోనే రాసింది. అర్జీలాయన రాసిన "స్వాధీనం" ఆ చట్టంలో ఉంది. ఆ పుటను తిప్పినవాళ్లే లేరు.

చట్టంలో లోటు కూడా ఉంది. తల్లిదండ్రులు పెంచలేని స్థితిలో ఉన్నందువల్ల పిల్లల్ని ఫోస్టర్ కేర్‌కు ఇస్తే, ఆ తల్లిదండ్రులు వెళ్లి చూసి రావచ్చని 44వ సెక్షను చెబుతుంది. అవ్వాతాతల ఊసు అక్కడ లేదు. గదిలో పిల్లల్ని వదిలేసిపోయిన తండ్రికి చూసే అవకాశం అక్షరాలా రాసిపెట్టి ఉంది. అయిదేళ్లు పెంచిన అవ్వకు సమితి దయ. అమెరికాలో 2008 నుంచి ఒక ఫెడరల్ చట్టం ఉంది. బిడ్డను ఇంటి నుంచి తీసుకెళ్లిన 30 రోజుల్లో అమ్మమ్మ, తాతయ్యలతో సహా పెద్దవాళ్లయిన బంధువులను వెతికి నోటీసివ్వాలి. ఉమ్మడి కుటుంబాల గురించి ఉపన్యాసాలిచ్చే మనకు ఆ ఒక్క వాక్యం రాసుకోవాలని ఇంతవరకు తోచలేదు.

మధ్యాహ్నం అవ్వతో కలిసి సమితి కార్యాలయానికి వెళ్లాను. నా కార్యక్రమంలో అది లేదని ఒక ఉద్యోగి సున్నితంగా గుర్తు చేశాడు. చైర్మన్, ఇద్దరు సభ్యులు ఉన్నారు. కఠినంగా మాట్లాడలేదు, కుర్చీ వేయించారు. ఒక సభ్యురాలు చెప్పిన మాట తీసిపారేయలేను. అవ్వల దగ్గరికి పంపిన ఆడపిల్లలకు పదిహేనో ఏటే పెళ్లిళ్లు చేసిన కేసులు ఆమె చూసిందట. తండ్రి తాగొచ్చి మళ్లీ పిల్లల్ని లాక్కుపోతే ఈ ముసలామె ఏం చేయగలదని అడిగింది. న్యాయమైన భయాలే. దానికి కూడా దారి 37వ సెక్షనులోనే ఉంది. బిడ్డను ఇంటికి పంపుతూ, శిశు సంక్షేమాధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు. నెలకోసారి ఫోస్టర్ ఇంటికి వెళ్లి చూసే మనిషి అవ్వ ఇంటికి ఎందుకు వెళ్లలేడు?

"వయసైంది, రాబడి లేదు" అన్నది రెండో అభ్యంతరం. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న అహ్మదాబాద్ పిల్లవాడి కేసు 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. గుజరాత్ హైకోర్టు బిడ్డను తల్లి సోదరికి అప్పగించింది. తాతకు 71, నాయనమ్మకు 63. తల్లి సోదరికి ఉద్యోగం ఉంది, వాళ్లు ముసలివాళ్లు. జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ అనిరుద్ధ బోస్‌ల ధర్మాసనం ఆ లెక్క ఒప్పుకోలేదు. వయసు, రాబడి చూసి తాతా నాయనమ్మలను పక్కన పెట్టకూడదని చెప్పి బిడ్డను తాతకే ఇప్పించింది. ఈ తీర్పు గురించి చెబితే చైర్మన్ రాసుకున్నారు.

ఇక రాబడి. అవ్వకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తుంది. మిషన్ వాత్సల్య పథకం కింద ఫోస్టర్ కుటుంబానికి ఒక్కో బిడ్డకూ నెలకు 4,000 ఇవ్వవచ్చు. బంధువుల ఇంట పెరిగే అనాథ పిల్లలకు స్పాన్సర్‌షిప్ కింద వచ్చేదీ అంతే. మరి ఈమెకు? తండ్రి బతికే ఉన్నాడు కాబట్టి పిల్లలు అనాథల కింద రారని కౌంటరులో చెప్పారట. పిల్లల్ని పంపించేటప్పుడు లేనట్టు లెక్కేసిన తండ్రి, డబ్బులిచ్చేటప్పుడు బతికొచ్చాడు! నాకు కోపం వచ్చింది. అవ్వకు మాత్రం రాలేదు.

ఆ రోజు పిల్లల్ని కూడా తీసుకొచ్చారు. అయివారి భార్య దూరంగా బల్ల మీద కూర్చుంది. అవ్వ కొంగులో నుంచి బొరుగుల ఉండలు తీసి చెరొకటి ఇచ్చింది. తర్వాత మనవరాలి తల ఒళ్లోకి లాక్కుని జుట్టు పాయలు తీసి చూడసాగింది. శెనక్కాయలు వొలిచి వొలిచి అరిగిపోయిన వేళ్లవి. పింఛను మిషను మీద వాటి ముద్రలు సరిగా పడవు. పొద్దున అర్జీ మీద కూడా నీలం మరకే పడింది. పెద్దాయన మళ్లీ ఒత్తించి, పక్కన "నిశాని" అని రాసి, పేరు రాశాడు. ఆ వేళ్లకు పేను మాత్రం దొరికింది. మనవడు మేకపిల్ల ఏమైందని అడిగాడు. "అమ్మేసినా రా. బస్సులకు గావల్ల గదా" అంది. వాడు ఉండ తింటూ తలూపాడు.

మరీ చెడ్డ ఫోస్టర్ ఇల్లయితే ఈ వ్యాసం సులువుగా రాసేవాణ్ణి. ఇది మంచి ఇల్లు. అయినా మంచి ఇల్లు దొరికిందన్నది అవ్వను అడగకపోవడానికి జవాబు కాదు. అవ్వను అడిగి, ఇల్లు చూసి, అక్కడ కుదరదని తేలితే ఆ దంపతులకు ఇచ్చి ఉంటే నాకు ఒక్క అభ్యంతరం లేదు. వరుస తిరగబడింది, అంతే. అడగాల్సిన మనిషి ఇప్పుడు అర్జీదారు అయింది.

ఉచిత న్యాయసహాయం చూసే మిత్రుడొకరు కేసు తీసుకున్నాడు. ఉత్తర్వు మీద అప్పీలుకు గడువు 30 రోజులు. అది ఎప్పుడో దాటింది. ఫోస్టర్ కేర్ ఉత్తర్వుల మీద అప్పీలు వినేది జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరే; తగిన కారణం చూపితే ఆలస్యాన్ని ఆయన మన్నించవచ్చు. నోటీసే అందకపోవడం కన్నా తగిన కారణం ఏముంటుందని అతని వాదన.

ఈ లోపు మీ ఊళ్లో మనవల్ని పెంచుతున్న అవ్వలుంటే, వాళ్లకు రెండు సంగతులు చెప్పండి. బడిలో చేర్పించేటప్పుడు సంరక్షకుల గడిలో అవ్వ పేరే రాయించాలి. పిల్లల్ని ఎవరైనా తీసుకెళ్లారని తెలిస్తే ఆ రోజే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. ఆడవాళ్లకు అక్కడ రాబడితో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. కలెక్టరేట్ ముందు అర్జీకి యాభై ఇవ్వాల్సిన పని లేదు.